పదకొండున్నర మిల్లీమీటర్లు

మరోదా, భిలాయి
23 డిసెంబర్ 2024

రజనక్కకి,

కవరు చూసి కంగారు పడకు. నాన్న బాగానే ఉన్నారు. ఫోనుండగా ఉత్తరమేటి అని బావ నవ్వుతాడని తెలుసు. ఏం చెయ్యను? నీకు సిగ్నల్ కావాలంటే స్టేషన్‌లో ఓవర్‌బ్రిడ్జి ఎక్కాలి, నాకు నాన్న వినని చోటు కావాలంటే ఇల్లు వదిలి పోవాలి. ఆపరేషన్ తర్వాత ఆయన ఎడం చేతిలో బలం తగ్గింది గానీ చెవులు మాత్రం డబుల్ అయ్యాయి. మొన్న నీకు వాయిస్ మెసేజ్ పెడుతుంటే పక్క గదిలోంచి "సగమే చెప్పావురా" అన్నారు. అందుకే షాపులో కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా షాపుకే రాయి: వర్మా ఫ్లెక్స్, సుపేలా మార్కెట్. ఈ షాపులో చేరి ఐదు నెలలైంది, నా రికార్డు ఇదే. తొమ్మిదిలో బడి మానేసినవాణ్ణి, అదీ హిందీ మీడియం. అమ్మ నేర్పిన తెలుగుతో రాస్తున్నా, తప్పులు లెక్కపెట్టకు.

సంగతేటంటే, నాన్న ఎంఆర్‌ఐ శుక్రవారం అయిపోయింది. తలకి కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, పూర్తయ్యాక సెప్టెంబర్‌లో ఒకటి తీశారు కదా, ఇకమీదట తీసే ప్రతిదాన్నీ దాంతోనే పోల్చి చూస్తామని డాక్టరు అప్పుడే చెప్పారు. ఇది రెండోది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటే మా ఓనరు వర్మా భయ్యా కూతురు చదివి చెప్పింది. మెదడులో గడ్డ తీసిన చోట తెల్లగా మెరిసే భాగం సెప్టెంబర్ కంటే కొద్దిగా పెరిగిందట. అది కరెంటు వల్ల వచ్చిన వాపయినా కావచ్చు, రోగం మళ్ళీ మొదలవడమైనా కావచ్చు, కొన్ని వారాలు ఆగి మళ్ళీ తీసి చూడాలట. ఇవాళ రాయపూర్ వెళ్తే డాక్టరు కూడా అదే మాట అన్నారు. ఇప్పుడే ఏదీ తేల్చలేం, మాత్రలు మానొద్దు, ఫిబ్రవరి 8న మళ్ళీ స్కాన్ అన్నారు.

నేను అటూ ఇటూ తిరుగుతూ డాక్టర్ని పది ప్రశ్నలు అడిగాను. నాన్న ఒక్కటీ అడగలేదు. ఇంటికొచ్చాక రెండు ఫిల్ములూ కిటికీ అద్దానికి టేపుతో అంటించి చాలాసేపు చూశారు. రైల్ మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు పట్టాల లోపలి పగుళ్ళు మెషీన్ పెట్టి చూసిన మనిషి కదా, చూడకుండా ఉంటారా. తర్వాత వాటిని చుట్టీసి, టీ పెట్టుకున్నారు. నాకూ పోశారు. చక్కెర వెయ్యడం మర్చిపోయారు. నేను చెప్పలేదు, తాగీసాను.

నువ్వు మాత్రం టెన్షన్ పడకు. కొద్దిగానే అన్నారు.

నీ తమ్ముడు,
సింహాద్రి


రైల్వే క్వార్టర్స్, రాయగడ దగ్గర
31 డిసెంబర్ 2024

ఒరే సింహా,

నీ ఉత్తరం మీ బావ టికెట్ కౌంటర్ దగ్గర అందుకుని, విప్పకుండా తెచ్చి ఇచ్చారు. వంటగదిలో నిలబడి చదివాను. పాలు పొంగిపోయాయి.

టెన్షన్ పడొద్దని రాసి, రోగం మళ్ళీ మొదలై ఉండొచ్చని కూడా నువ్వే రాశావు. రెండూ ఒకే కాగితం మీద ఎలా రాశావురా? కొద్దిగా అంటే ఎంత? ఆవగింజంతా, బఠాణీ అంతా? డాక్టరు రెండూ కావచ్చు అన్నాడంటే, ఉన్నది మొహం మీద చెప్పలేక అన్నాడేమో అని నా భయం. అమ్మకి జబ్బు చేసినప్పుడు కూడా డాక్టర్లు చూద్దాం, చూద్దాం అనే అన్నారు.

ఇంకోటి. రాయపూర్‌లో స్కాన్‌కి జనవరి 6న డేటు ఇచ్చారని నువ్వే చెప్పావు. మరి డిసెంబర్ 20నే ఎలా అయింది? ఎవరైనా మానుకుంటే ముందుకి జరిపారా? నాకు అర్థం కాలేదు, రాయి.

నాన్న ఐదు రోజుల కీమో మాత్రలు పరగడుపున వేసుకోవాలి, వేసుకున్నాక గంట వరకు ఏమీ తినకూడదు. నువ్వు దగ్గరుండి చూడు. ఆయన చెప్పింది నమ్మేసి బండెక్కి పోకు. నీకు కాలు నిలవదని నాకు తెలుసు. ఈ ఒక్క ఏడాదీ నిలబెట్టు.

హరిత తాతయ్యకి ఒక బొమ్మ గీసింది. రైలు పట్టా మీద కూర్చుని ఆయన అన్నం తింటున్నారు. ఎందుకలా గీసావే అంటే, తాతయ్య పట్టాల డాక్టరు కదా అంది. లోపల పెడుతున్నాను, చూపించు.

ఇక్కడ చలి బాగా ఉంది. మఫ్లర్ కట్టుకోమని చెప్పు, కుట్లు పడ్డ వైపు ముఖ్యంగా.

రజని


సుపేలా
9 జనవరి 2025

అక్కా,

ఈసారి నిజంగా మంచి కబురు. నువ్వు నమ్మవని తెలుసు, అందుకే మొదటి లైనులోనే రాసీసాను.

నాన్న మారిపోయారు. అంటే మంచిగా. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నారు. మొన్న నేను వండిన చారు తిని బాగుందన్నారు. నా జన్మలో ఆ మాట వినలేదు. పెరట్లో చిక్కుడు పాదుకి పందిరి సరిచేశారు. హరిత బొమ్మ బీరువా తలుపుకి అంటించారు. పాత సైకిలు ఉంది కదా, దాన్ని తుడిచి, గాలి కొట్టించి పక్కింటి సాహూ అంకుల్‌కి ఇచ్చేశారు. ఆ అంకుల్ వద్దు దాదా, వద్దు అంటూనే ఎక్కి వెళ్ళిపోయాడు.

అసలు కబురు ఇది. మాత్రలు అయిపోయాయట. నాలుగు నెలలు నాలుగుసార్లు వేసుకున్నారు కదా, ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పారట. రాయపూర్‌లో నేను ఆ రోజు బండి తియ్యడానికి కిందికి వెళ్ళినప్పుడు ఆయనతో విడిగా చెప్పారట. "ఇంక కక్కుకోనక్కర్లేదురా" అన్నారు నాన్న. ఎంత హాయిగా అన్నారో.

ఇంకా ఉంది. నిన్న నన్ను కూర్చోబెట్టి, మిల్లీమీటర్లలో కొలిచే ఆ వెర్నియర్ కాలిపర్ పెట్టె నా చేతిలో పెట్టారు. అదే, చిన్నప్పుడు ముట్టుకుంటే మనిద్దరికీ వీపు పగిలేది కదా, ఆ చెక్కపెట్టె. "నీ పనిలో కొలతలుంటాయి కదా, వాడుకో" అన్నారు. మేం బ్యానర్లు అడుగుల్లో కొలుస్తాం నాన్నా, మిల్లీమీటర్లతో మాకేం పని అన్నాను. నవ్వారు. నా పనిని పని అనడం ఇదే మొదటిసారి. అందుకని పెట్టె తీసుకుని బీరువా మీద పెట్టాను.

పూణేలో నా ఫ్రెండు రాజు పని చేసే చోట ఇంకో మనిషి కావాలంటున్నాడు. నాన్న కూడా వెళ్ళమనే అంటున్నారు. ఫిబ్రవరి స్కాన్ అయ్యాక ఆలోచిస్తా. నువ్వేమంటావు?

బావకి నమస్తే. హరితకి పెన్సిళ్ళు పంపుతాను.

సింహా


రాయగడ దగ్గర
16 జనవరి 2025

తమ్ముడూ,

నిన్న నీ ఉత్తరం చదివి ఓవర్‌బ్రిడ్జి ఎక్కి నాన్నకి ఫోన్ చేశాను. మాత్రలు అయిపోయాయటగా నాన్నా అంటే, "అవునమ్మా, అయిపోయింది" అన్నారు. నేను ఏడ్చేశాను. కింద గూడ్సు పోతోంది, ఆయనకి వినపడలేదు. సింహాచలం అప్పన్నకి మొక్కు తీర్చుకోవాలి, వచ్చే నెల వెళ్దామని బావతో అనేశాను. బావ నా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు. డ్యూటీ అలసట అనుకున్నాను.

ఇవాళ పొద్దున బావ ఆస్పత్రి కాగితం జిరాక్సు తెచ్చి నా ముందు పెట్టారు. మనం ఆగస్టులో తీయించింది. అందులో స్పష్టంగా ఉంది. నెలకి ఐదు రోజుల చొప్పున ఆరుసార్లు. నాలుగు కాదురా. మాత్రలు మానొద్దని డాక్టరు అన్నారని డిసెంబర్‌లో నువ్వే రాశావు. ఐదోది ఈ సోమవారం, పదమూడో తారీఖునే మొదలవ్వాల్సింది.

డాక్టరు నాలుగుకే ఆపేశాడంటే రెండే అర్థాలు. ఒకటి, బాగా తగ్గిపోయింది. అలాగైతే ఫిబ్రవరి స్కాన్ తొందర దేనికి? రెండోది నేను రాయను. లేకపోతే డాక్టరు అసలు చెప్పలేదు.

నువ్వు ఆ రోజు కిందికి ఎందుకు వెళ్ళావు? బండి పది నిమిషాలు ఆగదా? పూణే, పూణే అని చెవి నిండా పెట్టుకున్నావు, ఆయన ఏది చెప్పినా నీకు శుభవార్తలాగే వినిపిస్తోంది. కోపంగా రాస్తున్నానని తెలుసు. కోపంగానే ఉన్నాను.

ఇంక ఆ కాలిపర్ సంగతి. రిటైరైన రోజు ఆఫీసులో శాలువా, గడియారం ఇస్తే ఎక్కడో పెట్టేశారు గానీ, ఆ పెట్టె మాత్రం ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చారు. అలాంటిది ఇచ్చేశారంటే మనిషి సర్దుకుంటున్నాడన్నమాట. సైకిలు ఇచ్చారు, పెట్టె ఇచ్చారు, నీ చారు బాగుందన్నారు. నీకు ఇంకేం కనపడాలి?

పెట్టె తెరిచి చూశావా? లోపల ఎర్ర గుడ్డ కింద ఆయన కొలతల చీటీలు పెట్టుకునేవారు. తెరిచి చూడు. చూసి వెంటనే రాయి.

రజని


సుపేలా
21 జనవరి 2025

అక్కా,

తెరిచాను.

చీటీ ఉంది. ఆయన రాతే. పైన తారీఖు, పక్కన కొలత, మిల్లులో రాసినట్టే.

సెప్టెంబర్ 17 – 8 మి.మీ.
డిసెంబర్ 20 – 11.5 మి.మీ.

దాని కింద అడ్డంగా ఒక గీత, గీత కింద ఒక్క మాట. రిజెక్ట్.

నేను నమ్మలేదు. ఫిల్ములు కిటికీకి అంటించి, అదే కాలిపర్‌తో నేనూ కొలిచాను. ఆ తెల్లమచ్చ సెప్టెంబర్‌లో ఎనిమిది. డిసెంబర్‌లో పదకొండున్నర. నాలుగుసార్లు కొలిచాను. ఆయన కొలత తప్పవుతుందని ఎందుకు అనుకున్నానో.

నాన్న ఎదురింటి కనకలత ఆంటీ వాళ్ళింట్లోంచి పేపరు పట్టుకుని వచ్చేసరికి నా చేతిలో చీటీ ఉంది. దాచలేదు. మాత్రలు అయిపోయాయని డాక్టరు చెప్పారా, మీరే చెప్పుకున్నారా అని అడిగాను. చెప్పులు విప్పుకుని, కుర్చీలో కూర్చుని, అప్పుడు చెప్పారు. డాక్టరు ఏమీ చెప్పలేదట. ఐదోసారి మాత్రలు కొనలేదట, రక్త పరీక్షకీ వెళ్ళలేదట.

రిపోర్టులో కొద్దిగా అనే ఉంది కదా నాన్నా అన్నాను.

"ఎనిమిదికి పదకొండున్నర కొద్దిగా ఏట్రా? సగానికి దగ్గర పెరిగినాది. పేషెంటు చదువుతాడని అలా రాస్తారు. పట్టా మీద కాగితం ఏం చెప్పినా నేను ఏనాడూ వినలేదు. మెషీన్‌లో కనిపించిందే చూశాను."

ఫిబ్రవరి 8 స్కాన్ సంగతి ఎత్తాను. "రిజెక్ట్ అని గుర్తెట్టిన పట్టాని మళ్ళీ టెస్టుకి పంపరు. కోసీసి తుక్కులో ఎయ్యడమే" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. మార్కెట్‌కి ఏ దారిన వెళ్ళాలో చెప్పినట్టు. ఆ మాత్రలు వేసుకుంటే పది రోజులు మనిషినే కాదు, ఎందుకొచ్చిన బాధ, ఉన్నన్నాళ్ళు చిక్కుడుకాయ కూర తిని ఉంటాను, నువ్వు పూణే పో అన్నారు. మీ అమ్మ పోయాక నిన్ను సరిగ్గా నిలబెట్టలేకపోయాను, ఇప్పుడు నేనే అడ్డం పడితే ఎలా అన్నారు.

నేను ఏదో అరిచాను. ఏమన్నానో రాయను. బండేసుకుని కోహ్కా దాకా పోయి, అక్కడ పెట్రోల్ బంకు పక్కన ఊరికే కూర్చుని వచ్చాను.

నువ్వు అడిగినదానికి జవాబు ఎగ్గొట్టాను, ఇప్పుడు చెప్తాను. రాయపూర్‌లో జనవరి 6 అన్నారు. అంతవరకూ ఆగలేకపోయాను అక్కా. రోజూ ఆయన మొహం చూస్తూ ఇది ఉందా, పోయిందా అని తిరగడం నా వల్ల కాలేదు. దుర్గ్‌లో ఒక స్కాన్ సెంటర్‌లో మర్నాడే తీస్తామన్నారు, తీసుకెళ్ళిపోయాను. డాక్టరుకి తర్వాత చెప్పాను. అదే చోట తీయిస్తే పోల్చడం తేలికయ్యేది, సరేలే అన్నారు. నీకు చెప్తే తిడతావని చెప్పలేదు. ఇప్పుడు తిట్టు.

నాకు ఏం చెయ్యాలో తెలీట్లేదు.

సింహా


రాయగడ దగ్గర
25 జనవరి 2025

సింహా,

తిట్టను. ఓపిక లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దుర్గ్ అయితే ఏమిటి, రాయపూర్ అయితే ఏమిటి, ఉన్నది ఎక్కడ తీసినా కనిపిస్తుంది. నువ్వు తొందరపడితే మనకి రెండు వారాలు ముందు తెలిసింది, అంతే.

చిన్నప్పుడు నా గౌనుకి గుడ్డ కొంటే షాపువాడు మీటరు అన్నదాన్ని నాన్న ఇంట్లో కొలిచి రెండు సెంటీమీటర్లు తక్కువ అనేవారు. అమ్మ నవ్వేది. వెళ్ళి చూస్తే తక్కువే ఉండేది. ఆయన కొలత తప్పినట్టు నేను ఎరగను. ఆయన పదకొండున్నర అన్నారంటే పదకొండున్నరే.

బావకి సెలవు దొరికితే ఫిబ్రవరి మొదటి వారంలో వస్తాను. ఈలోగా ఆయన్ని పీడించకు. మాత్రలు వద్దంటే వద్దు. ఎనిమిదో తారీఖు స్కాన్‌కి కూడా బలవంతం చెయ్యకు. మళ్ళీ ఆ మెషీన్ సొరంగంలో పడుకోబెట్టి, మళ్ళీ ఆ తెల్లమచ్చ చూపించి ఏం సాధిస్తాం? ఆయనకి ముందే తెలుసు. మనకే తెలియాల్సి వచ్చింది.

ఆయనకి చిక్కుడుకాయ కూరలో నువ్వులపొడి ఇష్టం. వేపుడులో వెయ్యకు, కూరలోనే.

రజని


మరోదా
29 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. చదివి చింపీసాను, సారీ. నాన్న కంట పడకూడదని. ఆయన కోసం కాదు, నీ కోసం. ఎందుకో మొత్తం చదువు.

శనివారం షాపులో జనం. ఛబ్బీస్ జనవరి జెండా పండగ బ్యానర్లన్నీ ఆ రోజే కావాలి అందరికీ. మా వార్డు నాయకుడొకాయన రెండు బ్యానర్లు చేయించాడు, ఒకటి నాలుగడుగులు, ఒకటి ఆరడుగులు, రెండింట్లోనూ ఒకటే ఫొటో. రెండూ పక్కపక్కన పరిచి, పెద్దదాంట్లో నా మీసం ఎక్కువైపోయింది, ఏదో చేశారు మీరు అని గొడవ. వర్మా భయ్యా పాన్ నములుతూ తల కూడా ఎత్తలేదు. "మీసం ఒక్కటే పెరగలేదు నేతాజీ, మొహం కూడా పెరిగింది" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

అక్కా, నేను రోజూ చేసే పని అదే. ఒకే ఫొటోని చిన్నదిగా, పెద్దదిగా సాగదీస్తాను. సెప్టెంబర్ ఫిల్ము మీద ఇరవై బొమ్మలున్నాయి. డిసెంబర్ ఫిల్ము మీద పన్నెండే ఉన్నాయి. కాగితం సైజు ఒకటే. మరి బొమ్మ పెద్దదవదా? నాలుగుసార్లు మచ్చ కొలిచినవాణ్ణి, ఒక్కసారి తల కొలవలేదు.

భయ్యా తిడుతున్నా వినకుండా బండి తీశాను. మధ్యాహ్నం రెండు అయింది. నాన్న మంచం మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు, ఎడం చేతికి వ్యాయామమని డాక్టరు చెప్పిన పని. మానలేదు చూడు, తుక్కులో వెయ్యాల్సిన చేతికి వ్యాయామం. ఫిల్ములు కిటికీకి అంటించి, ఒక చెవి వైపు ఎముక నుంచి ఇంకో చెవి వైపు ఎముక దాకా కొలిచాను. సెప్టెంబర్ అరవై. డిసెంబర్ ఎనభై నాలుగు.

"నాన్నా, సెప్టెంబర్ నుంచి డిసెంబర్‌కి నీ తల పెరిగిందా?"

"ఏటి?"

"తల. అప్పుడు అరవై, ఇప్పుడు ఎనభై నాలుగు."

చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. లేచి వచ్చి కాలిపర్ నా చేతిలోంచి తీసుకున్నారు. ఫిల్ము జారకుండా నేను పట్టుకున్నాను. మూడుసార్లు కొలిచారు. తర్వాత కళ్ళజోడు పైకి తోసి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వెళ్ళి ప్రతి బొమ్మ అంచూ వెతికారు. ఉన్నాయి అక్కా. బొమ్మ పక్కన సన్నగా స్కేలు గీతలు, ఒక్కో గీత ఒక సెంటీమీటరు. డిసెంబర్ ఫిల్ములో ఆ గీతలు ఎడంగా ఉన్నాయి, సెప్టెంబర్‌లో దగ్గరగా ఉన్నాయి. అవి అక్కడే ఉన్నాయి మొదటి రోజు నుంచీ.

పేపరు అంచు మీద లెక్క వేశారు. చాలాసేపు పట్టింది. నాకైతే కాళ్ళు ఒకచోట నిలవలేదు, వంటింటికీ కిటికీకీ తిరుగుతున్నాను.

"ఏమీ పెరక్కపోయినా పదకొండు పాయింట్ రెండు రావాలి" అన్నారు. "వచ్చింది పదకొండున్నర."

"అంటే?"

"అంటే, కొద్దిగా."

రిపోర్టులో ఉన్న మాటే. నెల రోజులు ఆ కాగితం నమ్మకుండా తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

తర్వాత కూర్చుండిపోయారు. మిల్లులో డ్యూటీ ఎక్కగానే ముందు నమూనా దిమ్మ మీద మెషీన్ సరిచూసుకునేవారట, ఆ దిమ్మలో పగులు ఎంతుందో ముందే తెలుసు కాబట్టి మెషీన్ అంతే చూపించాలి. అది చెయ్యకుండా ఎవడైనా పట్టా దగ్గరికి వెళ్తే ఆ షిఫ్టు షిఫ్టంతా మళ్ళీ చేయించేవారట. "ముప్ఫై నాలుగేళ్ళు ఒక్క రోజు మానలేదురా" అన్నారు. "నా తలకాయ దగ్గరికొచ్చేసరికి మానీసాను." ఆ మాటకి నవ్వబోయి ఆగిపోయారు. నేను ఆయన వైపు చూడలేదు, చిక్కుడుకాయలు ఏరాను, కింద పడిపోయాయి.

దుర్గ్ సంగతి కూడా చెప్పీసాను. అదే చోట తీయించి ఉంటే ఇదంతా ఉండేది కాదు, నా తొందర వల్లే అన్నాను. "నీ తొందరకి నా తొందర తోడైనాది" అన్నారు. అంతే. తిట్టలేదు.

సోమవారం ఇద్దరం రాయపూర్ వెళ్ళాం. డాక్టరు నాన్నని చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టారు. రెండు వారాల ఆలస్యం సర్దుకోవచ్చు గానీ ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి అన్నారు. రక్త పరీక్ష బాగుంది, నిన్నటి నుంచి ఐదోసారి మాత్రలు మొదలు. పొద్దున్న రెండుసార్లు వాంతి అయింది. నేను పక్కనే ఉన్నాను.

అక్కా, ఒకటి సరిగ్గా అర్థం చేసుకో. రోగం తిరిగి రాలేదని ఎవరూ అనలేదు. డాక్టరు కూడా అనలేదు. ఇంకా తెలీదు అంతే. ఇంకా తెలీదు అన్న మాటకి ఇంత సంతోషిస్తానని నేను అనుకోలేదు. రాత్రికి మళ్ళీ భయం వస్తాదనుకో.

నువ్వు వస్తే రా. ఏడవడానికైతే రాకు, చిక్కుడుకాయలు తరగడానికి రా. కూరలో నువ్వులపొడి వేశాను.

సింహా


మరోదా
11 ఫిబ్రవరి 2025

అక్కా,

బావకి సెలవు దొరకలేదని మెసేజ్ చూశాను. పరవాలేదు. ఫోన్‌లో రెండు ముక్కలే చెప్పాను, మిగతాది ఇక్కడ.

శనివారం రాయపూర్‌లో సెప్టెంబర్ నాటి మెషీన్ మీదే తీశారు. ఈసారి మెదడులో రక్తం ఎలా పారుతోందో చూసే బొమ్మలు కూడా తీశారు. నాన్న సొరంగంలోకి వెళ్ళే ముందు ఆ టెక్నీషియన్ కుర్రాణ్ణి ఆపి, షీటుకి ఇరవై బొమ్మలే వెయ్యాలి, సెప్టెంబర్‌లో వేసినట్టే, స్కేలు కనిపించాలి అన్నారు. అతను కంప్యూటర్‌లో అన్నీ ఉంటాయి అంకుల్, డాక్టర్లు అందులోనే కొలుస్తారు, ఫిల్ము ఎవరూ కొలవరు అన్నాడు. "నేను కొలుస్తాను" అన్నారు. ఆ కుర్రాడు నా వైపు చూస్తే నేను గోడ మీద పోస్టరు చదివాను.

లోపల నలభై నిమిషాలు. బయట నేను ఎన్నిసార్లు మెట్లు ఎక్కి దిగానో లెక్క లేదు. వాచ్‌మన్ కూర్చో బేటా, కూర్చో అని కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

రిపోర్టు నిన్న వచ్చింది. ఆ భాగం డిసెంబర్‌లో ఎంతుందో అంతే ఉంది, పెరగలేదు. రక్తం పారే తీరు చూస్తే కరెంటు వల్ల వచ్చిన మార్పులాగే ఉందట. ఉందట అనే అన్నారు డాక్టరు, ఖాయం అనలేదు. ఆరోసారి మాత్రలు ఈ నెలాఖర్లో. మళ్ళీ స్కాన్ ఏప్రిల్ రెండో వారంలో, అక్కడే. ఆ తర్వాత మళ్ళీ రెండు మూడు నెలలకి, ఆ తర్వాత మళ్ళీ. ఎన్నాళ్ళు అని అడిగాను. ఆయన ఉన్నన్నాళ్ళు అన్నారు డాక్టరు. బయటికి వచ్చాక, ఆ మాటని ఎలా తీసుకోవాలో తెలీక నేను బండి తాళం వెతుక్కుంటుంటే, నాన్న "మంచి మాటే కదరా" అన్నారు.

పూణే రాజుకి ఫోన్ చేసి వేరే మనిషిని చూసుకోమన్నాను. నాన్న కోసం త్యాగం అనుకోకు. వర్మా భయ్యా పెద్ద మెషీన్ నాకు అప్పజెప్పాడు. కొన్నాళ్ళు చూస్తా.

ఇవాళ పొద్దున పాత చీటీ చింపి పారేయమన్నారు. పెట్టె మాత్రం వెనక్కి తీసుకోలేదు, నీ దగ్గరే ఉంచు అన్నారు. కొత్త కాగితం తెచ్చి నన్ను రాయమన్నారు, తన చేతిరాత ఇక నమ్మకం లేదట. తారీఖు, మెషీన్, మచ్చ, తల. నాలుగు గడులు. సెప్టెంబర్‌ది రాశాను. డిసెంబర్‌ది రాసి పక్కన వేరే మెషీన్ అని రాయించారు. ఫిబ్రవరిది ఇద్దరం కొలిచాం: తల అరవై, మచ్చ ఎనిమిది పాయింట్ రెండు. డిసెంబర్‌ని ఈ సైజుకి కుదిస్తే అదీ అంతే వచ్చింది, అంచు మీద లెక్క వేసి చూపించారు. చివర ఇంకో గడికి చోటు మిగిలితే అక్కడ పాస్ అని రాయనా అన్నాను. వద్దు, అది ఖాళీగా ఉంచు అన్నారు.

తర్వాత కింద గీతలు కొట్టమన్నారు, వచ్చే స్కాన్‌లకి. ఏప్రిల్‌కి ఒకటి, జూన్‌కి ఒకటి కొట్టి స్కేలు కింద పెట్టాను.

"ఏట్రా, ఆపీసావు?"

"చాలు కదా నాన్నా, తర్వాత చూద్దాం."

చిక్కుడు పాదుకి నీళ్ళు పొయ్యడానికి చెంబు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళినవారు ఆగి, వెనక్కి తిరిగి కాగితం వైపు చూశారు.

"ఇంకా చోటుంది కదా. కింది దాకా కొట్టు."

నీ తమ్ముడు,
సింహాద్రి